మంగళవారం కంటి లైను

ముసురు పట్టిన రోజుల్లో చేతి తొడుగులు ఓ పట్టాన ఆరేవి కావు. దవాఖాన ఆయా దూరక్క వాటిని సబ్బునీళ్ళలో ఉతికి, తిరగేసి మళ్ళీ ఉతికి, ఒక్కొక్కదాన్నీ నోటికి పెట్టుకుని గాలి ఊదేది. ఊదగానే తొడుగు ఐదు వేళ్ళూ విప్పుకుని లేచేది. మూతి బిగించి పట్టుకుని దాన్ని చెంపకు ఆనించుకునేది. ఎక్కడైనా చిల్లు ఉంటే సన్నటి గాలి చెంపకు తగిలేది. తగిలినవి ఒక పక్కకు, తగలనివి ఇంకో పక్కకు. బాగున్నవాటిని బాయిలరు గదిలో తాడుకు వేలాడదీసి, ఆరాక పౌడరు పూసి, బట్టలో చుట్టి ఆవిరి డబ్బాలో పెట్టాలి. చిల్లులు పడ్డవాటికి, మరీ చినిగిపోయిన తొడుగుల నుంచి కత్తిరించిన ముక్కలు అతికించాలి. ఆ రోజుల్లో ఒక్కో తొడుగు పది పన్నెండు కాన్పులు చూసేది.

ఏడో తొడుగు ఊదుతుండగా పొత్తికడుపులో బరువు కిందికి జారినట్టయింది. ఆ వెంటనే తొడల మధ్య వెచ్చటి తడి. దూరక్క కదలకుండా నిలబడిపోయింది. చేతిలోని తొడుగు మెల్లగా గాలి వదిలేసి వాలిపోయింది.

ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. నెలసరి ఆగిపోయి నాలుగేళ్ళయింది. రెండేళ్ళ కిందట మళ్ళీ నెత్తురు కనబడింది. మొదట ఎప్పుడో ఒక మరకలా కనబడేది. తర్వాత వారానికోసారి. ఈ ఎండాకాలం నుంచి రోజూ. ఆ సంగతి ఆమెకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆడవాళ్ళ డాక్టరు రాజేశ్వరమ్మ కూర్చునే గది బాయిలరు గదికి ఇరవై అడుగులు. రోజుకు వంద సార్లు ఆ గడప దాటుతుంది. చెప్పాలంటే ఒక్క మాట. ఆ మాట గొంతు దాకా వచ్చి, మళ్ళీ కిందికి దిగిపోయేది.

చాటుకు వెళ్ళి లోపలి బట్ట మార్చుకుని వచ్చింది. తొమ్మిది గజాల చీర కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి బిగించి కట్టుకునేది కాబట్టి ఎన్ని మడతలైనా దాగేవి. వరంగల్లో పద్నాలుగేళ్ళు ఉన్నా ఆ కట్టు మార్చుకోలేదు. పొడుగ్గా, ఎండిన జొన్నకర్రలా ఉండేది మనిషి. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు, ముంజేతుల మీద తులసికోట బొమ్మ. నవ్వితే పై పన్ను ఒకటి పక్కకు తిరిగి కనబడేది. నడకలో చప్పుడుండేది కాదు.

కాశిబుగ్గకు కొంచెం ఇవతల ఉండేది ఆ చిన్న సర్కారు దవాఖాన. ఇరవై నాలుగు మంచాలు, ఒక కాన్పుల గది, పెంకులు కప్పిన పొడుగాటి వరండా. పొద్దున్నే చుట్టుపక్కల ఇళ్ళ నుంచి మగ్గాల చప్పుడు వినబడేది. ఆ చప్పుడు మొదలైతే ఎనిమిది కావస్తోందని లెక్క. ఎనిమిదికి చీటీల కిటికీ తెరుచుకునేది. కిటికీ వెనక కిషన్ రావు. యాభై ఏడేళ్ళ మనిషి, చెవుల మీద వెంట్రుకలు, ఎప్పుడూ నలుగని తెల్ల చొక్కా. తెలుగు కాని మాట ఏది వినబడినా ఆయన కలం కింద పెట్టేసేవాడు. "దూరక్కా, నీ చుట్టమొచ్చింది," అని వరండా అంతా వినబడేలా పిలిచేవాడు. లంబాడీ మనిషి వచ్చినా, ఒరియా మనిషి వచ్చినా దూరక్క చుట్టమే. దూరక్క కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెలిసిన భాషయితే మాటలతో, తెలియకపోతే చేతులతో అడిగి, ఎక్కడ నొప్పో, ఎన్నాళ్ళ నుంచో కనుక్కుని చెప్పేది. ఆ తర్వాతే కిషన్ రావు కలం తీసుకునేవాడు.

ఆ రోజు మంగళవారం. మంగళవారాల్లో కంటి డాక్టరు వచ్చేవాడు. వరండాకు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా బల్లల మీద ముసలివాళ్ళు, వాళ్ళను పట్టుకొచ్చిన కోడళ్ళు, కూతుళ్ళు. కాంపౌండరు రాంచందర్ చేతిలో మందు సీసాతో ఒక్కొక్కరి తల వెనక్కి వంచి కళ్ళలో చుక్కలు వేస్తూ వచ్చేవాడు. చుక్కలు పడ్డాక కంటిపాప పెద్దదవుతుంది. గంట తర్వాత డాక్టరు లోపలికి పిలిచి చూస్తాడు.

దూరక్క ప్రతి మంగళవారం ఎంత పనిలో ఉన్నా ఒక్కసారి ఆ లైను వెంట నడిచి వెళ్ళేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ముఖాల వంక చూసేది కాదు. కడుపుల వంక చూసుకుంటూ వెళ్ళి, అలాగే వెనక్కి వచ్చేది. రాంచందర్ ఆరేళ్ళ కిందట ఈ దవాఖానకు వచ్చాడు. ఆమె ఎందుకు అలా నడుస్తుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఏందే దూరక్కా, ఇయ్యాల గుడ లెక్క జూస్తానవా?" అన్నాడు నవ్వుతూ. "మా లైన్ల కండ్ల మోతిబిందులే గని, కాన్పులు గావు."

బల్ల మీది ముసలివాళ్ళు నవ్వారు. దూరక్క కూడా పక్క పన్ను కనబడేలా నవ్వింది.

*

డెబ్బై రెండులో మరాఠ్వాడాలో వానలు పడలేదు. నాందేడుకు అవతల ఒక ఊరి నుంచి ఎనిమిది కుటుంబాలు పాసింజరు బండెక్కి వరంగల్లో దిగాయి. రోడ్డుకు కంకర కొట్టే పని ఉందని ఎవరో చెప్పారు. రైలు పట్టాల పక్కన గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళలో ఒకతె దూరక్క, ఆమె పేరు అప్పుడు ద్వారకా. ముప్ఫై నాలుగేళ్ళు. పదహారేళ్ళ కాపురం తర్వాత మొదటిసారి కడుపు నిలిచింది. నిండు నెలలతో కూర్చుని కంకర కొట్టింది.

ఒక మంగళవారం తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. మగవాళ్ళు అప్పటికే పనికి వెళ్ళిపోయారు. పక్క గుడిసె ఆవిడ రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకొచ్చింది. ఇద్దరికీ తెలుగు ముక్క రాదు. అప్పట్లో చీటీల కిటికీ ఎత్తుగా ఉండేది. ఆమె మొహం మాత్రమే లోపలికి కనబడింది. గొంగడి కప్పుకుని ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

కిషన్ రావు ఏమైందని అడిగాడు.

"కళా," అంది ఆమె. "కళా యేతాత్."

మరాఠీలో కళా అంటే కాన్పు నొప్పులు. నొప్పులు వస్తున్నాయని చెప్పింది.

వరంగల్లో కండ్లు అంటారు. కాని ఆ ఏడు కంటి డాక్టరు గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. ఆయన నోట ఎప్పుడూ కళ్ళే. ఈమె కూడా అటువైపు మనిషేమో, అక్కడివాళ్ళు ఇలాగే అంటారు కాబోలు అనుకున్నాడు కిషన్ రావు. "కళ్ళా?" అంటూ తన కంటి మీద వేలు పెట్టి చూపించాడు. తన మాట అతని నోట తిరిగి వినబడేసరికి అర్థమైపోయిందనుకుని ఆమె గట్టిగా తల ఊపింది. పేరు అడిగితే ద్వారకా అంది. అతనికి దూరక్క అని వినబడింది, అలాగే రాశాడు. చీటీ మీద రెండే మాటలు. రెండూ తప్పే.

చీటీ చూసి ఎవరో చెయ్యి పట్టుకుని కంటి లైనులో కూర్చోబెట్టారు. అప్పటి కాంపౌండరు వచ్చి తల వెనక్కి వంచి కళ్ళలో చుక్కలు వేశాడు. కాసేపాగి మళ్ళీ వేశాడు. ఈ దేశంలో కాన్పుకు ముందు ఇలా చేస్తారేమో అనుకుంది ఆమె. నొప్పి వచ్చినప్పుడల్లా బల్ల అంచు పట్టుకుని వంగి, పోయాక మళ్ళీ నిటారుగా కూర్చుంది. అరిస్తే లైనులోంచి లేపేస్తారని భయపడింది. అలా రెండున్నర గంటలు. బల్ల కింద నీళ్ళు మడుగు కట్టాక పక్కనున్న ముసలమ్మ కేక పెట్టింది. ఆయా రాజవ్వ పరుగున వచ్చి ఆమెను చంకలో చెయ్యి వేసి లోపలికి ఈడ్చుకుపోయింది.

ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుంది. ఆలస్యమైపోయింది. పిల్ల ఒక్కసారి సన్నగా మూలిగింది. రాజవ్వ బట్టలో చుట్టి తల్లి మొహం దగ్గర పట్టుకుంది. మందు వేసిన కళ్ళకు దగ్గరిదేదీ ఆనలేదు. తెల్లటి మసక ఒకటి కనబడింది, అంతే. రెప్పలు నులుముకుని చూసింది. ఇంకా మసక. సాయంత్రానికి గోడ మీది బల్లి కూడా తేటగా కనబడింది. అప్పటికి పిల్లను తీసుకెళ్ళిపోయారు.

తర్వాత జ్వరం. నెల రోజులు అదే వార్డులో ఉంది. రాజవ్వ ఇంటి నుంచి జొన్న గటక తెచ్చి పోసేది. మరుసటి ఏడు వానలు పడ్డాయి, గుడిసెలవాళ్ళు విత్తనాలకు ఊరికి పోయారు. ఇంకా నీరసంగా ఉంది, కోలుకున్నాక తీసుకుపోతానన్నాడు భర్త. రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. మూడోసారి అతని కబురు వచ్చింది. ఇంకొకామెను చేసుకున్నాడట. అప్పటికే ఆమె రాజవ్వ వెంట బకెట్లు మోస్తోంది. రాజవ్వ మానేశాక ఆ కొలువే ఈమెకు వచ్చింది. దవాఖాన వెనక గది కూడా.

తెలుగు ఆమె కాన్పుల గదిలోనే నేర్చుకుంది. మొదట వచ్చిన మాటలు: ముక్కు, ఊపిరి పీల్చు, జర ఓర్సుకో, అయిపాయె అయిపాయె. చాలాకాలం ఆ మాటలతోనే బతికింది. కూరగాయల మనిషితో కూడా "జర ఓర్సుకో" అనేదని తోటి ఆయా పూలమ్మ చెప్పి నవ్విస్తూ ఉండేది.

మూడేళ్ళ తర్వాత ఒకరోజు రాజవ్వ ఆ మంగళవారం సంగతి కిషన్ రావుకు చెప్పింది. ఆయన దూరక్కతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ వారమే మేస్త్రీని పిలిపించి కిటికీ కింద రెండు వరుసల ఇటుకలు తీయించాడు. పై ఆఫీసు నుంచి ఎందుకని అడిగితే గాలి ఆడడం లేదని రాశాడు. అప్పటి నుంచి ఆయన కుర్చీలో కూర్చుంటే ఎదుటి మనిషి కడుపు దాకా కనబడేది.

అందరి నొప్పులూ మాటలుగా మార్చి డాక్టరమ్మ ముందు పెట్టే దూరక్క ఈ దవాఖానలో తన నొప్పి గురించి మాత్రం ఒక్కసారే నోరు విప్పింది. ఆ కిటికీ దగ్గర. మళ్ళీ విప్పలేదు.

*

వరండా చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగినప్పుడు ఆమె అడుగు ఆగింది. చివరి బల్ల మీద ఒక ముసలామె, పక్కన పందొమ్మిదేళ్ళ పిల్ల. ఇద్దరివీ తొమ్మిది గజాల చీరలే. తెలుగు వచ్చినవాళ్ళెవరో రాయించి ఇచ్చిన చీటీ ముసలామె చేతిలో ఉంది. పిల్ల చేతిలో ఏమీ లేదు. పిల్ల కుడిచెయ్యి బల్ల అంచును బిగించి పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కాసేపటికి వదిలింది. దూరక్క నిలబడి మనసులో లెక్కపెట్టింది. మళ్ళీ పట్టుకుంది.

రాంచందర్ వరుసలో ముసలామెకు చుక్కలు వేసి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచాడు. దూరక్క అరచెయ్యి మధ్యలోకి వచ్చింది. చుక్క ఆ చేతి మీద పడింది.

"కళా?" అని అడిగింది పిల్లను.

పిల్ల ఆ మాట విని ఉలిక్కిపడింది. తల ఊపింది. ఊపుతూనే ఏడ్చేసింది. పేరు శేవంతా. కంకర మిషను దగ్గర పనికి లాతూరు వైపు నుంచి వచ్చారు. అత్తకు కళ్ళు కనబడవని తోడు వచ్చింది. తెల్లవారు జాము నుంచీ నొప్పులొస్తున్నాయి. అత్త వంతు అయ్యాక చెబుదామనుకుంది.

రాంచందర్ సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ రోజంతా అతను మళ్ళీ హాస్యమాడలేదు.

కాన్పుల గదిలో పిల్ల మంచం ఎక్కనంది. మగ డాక్టరు వస్తాడా అని అడిగింది. కోస్తారా అని అడిగింది. దూరక్క ఆమె వీపు రాస్తూ అన్నిటికీ జవాబు చెప్పింది. రాజేశ్వరమ్మ వచ్చి చూసి, ఇంకా మూడు గంటలన్నా పడుతుందని చెప్పి వార్డుకు వెళ్ళింది. పూలమ్మ వేడినీళ్ళకు వెళ్ళింది. కిటికీ బయట ముసురు. నొప్పికి నొప్పికి మధ్య ఇద్దరూ ఊరి సంగతులు మాట్లాడుకున్నారు. జొన్న అంబలి, పొలాల పండుగ, బావుల దగ్గర ఆడవాళ్ళు పాడే పాటలు. దూరక్క నోట ఆ భాష ఈ మధ్య రాలేదు. మాటలు తడుముకోకుండా వచ్చేస్తుంటే ఆమెకే విచిత్రంగా ఉంది. ఊళ్ళో చింతపండు కలిపి చేసే పులుసు పేరు ఒకటి మరిచిపోయింది. శేవంతా చెబితే ఇద్దరూ నవ్వారు.

వంగి నేల మీది బట్ట తీస్తుండగా శేవంతా పిలిచింది.

"మావ్‌శీ, నీ చీరకు నెత్తురు."

మావ్‌శీ అంటే పిన్ని. వెనకటి కాన్పుది అయ్యుంటుందిలే అంది దూరక్క.

"కాదు. తడిగా ఉంది. నీదే."

దూరక్క తలుపు వంక చూసింది. ఎవరూ లేరు. స్టూలు లాక్కుని కూర్చుంది. రెండేళ్ళుగా గొంతు దాకా వచ్చి దిగిపోయిన మాట తన భాషలో ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఎప్పుడు మొదలైందో, ఎంత పోతోందో, రాత్రిళ్ళు నడుము ఎలా లాగుతుందో, వాసన పోవడానికి బట్టలు ఎలా ఉడకబెడుతుందో అన్నీ చెప్పింది. జబ్బు మనిషని తెలిస్తే గది ఖాళీ చేయమంటారేమో అని కూడా చెప్పింది. చెప్పాక ఎవరికీ చెప్పవద్దంది.

"నేనెవరికి చెప్తాను," అంది శేవంతా. "నాకు వాళ్ళ భాష రాదు గదా."

మళ్ళీ నొప్పి వచ్చింది. దూరక్క చెయ్యి అందించింది.

ఒంటిగంటన్నరకు ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే గది ఎగిరిపోయేలా ఏడ్చింది. రాజేశ్వరమ్మ బొడ్డు కోసి ఇవ్వగానే దూరక్క పిల్లను తుడిచి, గుడ్డలో చుట్టి, తల్లి మొహానికి జానెడు దూరంలో పట్టుకుంది.

"చూడు," అంది మరాఠీలో. "మంచిగ చూడు. ముక్కు చూడు. చెవులు చూడు."

శేవంతా చాలని తల ఊపినా ఆమె పిల్లను తియ్యలేదు. పూలమ్మ వచ్చి చేతుల నుంచి తీసుకోవలసి వచ్చింది.

*

దూరక్క బకెట్టు తీసుకుని బయటికి వెళ్ళింది. రాజేశ్వరమ్మ బాలింతకు చెప్పవలసినవి చెప్పడానికి ఆమె కోసం చూస్తోంది. శేవంతా ఉన్నట్టుండి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. కంకర మిషను దగ్గర నెల రోజుల్లో ఆమెకు నాలుగు తెలుగు మాటలు వచ్చాయి: రాయి, నీళ్ళు, బిరాన, నెత్తురు. తొందరపెట్టినప్పుడల్లా బిరాన వినబడేది, వేళ్ళు నలిగినప్పుడల్లా ఆ చివరి మాట.

"నెత్తురు," అంది. రెండు వేళ్ళు చూపించింది. "దోన్ వర్షం."

డాక్టరమ్మ గాభరాగా దుప్పటి తీసి చూసింది. ఎక్కువేమీ పోవడం లేదు. పూలమ్మ కిటికీ బయటికి చూసింది.

"వర్షం పడుతాందని చెప్తాందేమో, అమ్మా."

శేవంతా తల అడ్డంగా ఊపింది. మరాఠీలో వర్షం అంటే ఏడు, సంవత్సరం. అది వాళ్ళకు తెలియదని ఆమెకూ తెలియదు. మళ్ళీ రెండు వేళ్ళు చూపించింది. తన పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుని, కాదన్నట్టు ఊపి, దూరక్క వెళ్ళిన తలుపు వైపు వేలు చాపింది.

"దూరక్క," అంది. "దూరక్క నెత్తురు. బిరాన. బిరాన."

రాజేశ్వరమ్మ తొడుగులు విప్పబోతున్నదల్లా ఆగిపోయింది. దూరక్కను పిలుచుకు రమ్మని పూలమ్మను పంపింది.

పద్నాలుగేళ్ళుగా రోజూ ఫినాయిలుతో తుడిచిన బల్ల మీద దూరక్క పడుకుంది. ఏం లేదమ్మా, బాగనే ఉన్న అంది మొదట. తర్వాత రెండేళ్ళ సంగతి ఒప్పుకుంది. పైన పెంకుల మధ్య గాజు పలక ఒకటి ఉంది. పడుకుంటే తప్ప అది కనబడదు. దాని మీద వాననీళ్ళు జారుతున్నాయి. చాలామంది ఆడవాళ్ళు నొప్పుల మధ్య పైకి అలా ఎందుకు చూస్తారో ఆమెకు ఇన్నాళ్ళకు తెలిసింది.

చూడడం అయిపోయాక రాజేశ్వరమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. సబ్బు రుద్దింది. కడిగింది. మళ్ళీ రుద్దింది. దూరక్క ఆ వీపునే చూస్తూ పడుకుంది. డాక్టరమ్మ మామూలు జబ్బుకు చేతులు ఎంతసేపు కడుక్కుంటుందో, చేతిలో లేని జబ్బుకు ఎంతసేపు కడుక్కుంటుందో ఆమెకు బాగా తెలుసు.

"రెండేండ్లా," అంది రాజేశ్వరమ్మ ఇటు తిరగకుండానే. "నేను ఈడనే ఉన్న గదనే. ఒక్కనాడన్న నోరు విప్పకపోతివి."

"మీరు అడిగింది వాళ్ల గురించి గదమ్మా," అంది దూరక్క.

రాజేశ్వరమ్మ కుళాయి కట్టేసింది. చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. హైదరాబాదు పెద్ద దవాఖానకు చీటీ రాసింది. అక్కడ తనతో చదువుకున్న డాక్టరుకు వేరే ఉత్తరం రాసింది. ఈ పూటే పోవాలంది. గది ఎవరూ ఖాళీ చేయించరని, తాళం పూలమ్మకిచ్చి పొమ్మని కూడా చెప్పింది. గది మాట ఆమెకెలా తెలిసిందో దూరక్కకు అర్థం కాలేదు. డాక్టరమ్మకు ఆ భయం సంగతి తెలియదు. ఊరికే చెప్పింది.

కిషన్ రావు సెలవు చీటీ రాసి పెట్టి కూడా వస్తానన్నాడు. అక్కడ కాగితాలు ఎవరు నింపుతారని అన్నాడు. కిటికీ దగ్గర కూర్చుని పంపించే కాగితం నింపుతూ కలం ఆపాడు.

"నీ పేరు ద్వారకాబాయి గదా," అన్నాడు కాగితం మీది నుంచి తల ఎత్తకుండా. "ఆనాడు నేను సరిగ ఇనలే."

పద్నాలుగేళ్ళలో ఆ మంగళవారం గురించి ఆయన అన్న మాట అదొక్కటే. దూరక్క కిటికీ చెక్క మీద చేతులు పెట్టింది.

"దూరక్క అనే రాయి సార్," అంది. "ఆ పేరుతోని పిలిస్తె నేను పలుకుత. ద్వారకా అంటె ఎవలనో పిలుస్తాన్రనుకుంట."

ఆయన రాశాడు.

వెళ్ళేముందు వార్డులోకి వెళ్ళింది. శేవంతా ఆమెను చూసి దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దూరక్క దుప్పటి తీసింది.

"నీకు వాళ్ళ భాష రాదంటివి," అంది.

శేవంతా ఏడుస్తూ నవ్వింది. దూరక్క పిల్ల అరికాలు ఒకసారి పట్టుకుని చూసి, పాలు ఇచ్చేటప్పుడు ఏ పక్కకు పడుకోవాలో చెప్పి బయటికి వచ్చింది.

తన గదిలో రెండు చీరలు మూటగట్టుకుంది. గూట్లోంచి చిన్న చెక్క బరిణె తీసింది. అందులో ఒక వైపు మైనం, ఒక వైపు కుంకుమ. ఉంగరం వేలితో మైనం తీసి నుదుట రాసుకుని, దాని మీద కుంకుమ అద్దుకుంది. అప్పుడే రిక్షా గంట వినబడింది. బరిణెను కిటికీ గూట్లో అలాగే ఉంచి, వారంలో వచ్చేస్తానని చెప్పి తాళం పూలమ్మ చేతిలో పెట్టింది. రిక్షాలో ఒక పక్క ఆమె, ఇంకో పక్క కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని కిషన్ రావు. ముసురుకు ముందు పరదా దించారు. పరదా కింద నుంచి ఆమె పాదాలు రెండూ కనబడుతూ పోయాయి.

కిషన్ రావు నాలుగో రోజు తిరిగి వచ్చాడు. మంచం దొరికిందని చెప్పాడు. ఆమె పక్క మంచం మనిషి బీదరు నుంచి వచ్చిందని, ఆమె మాట డాక్టర్లకు దూరక్కే చెబుతోందని చెప్పాడు. శేవంతాను ఐదో రోజు అత్తా మొగుడూ వచ్చి తీసుకుపోయారు. ఇరవయ్యో రోజు పొద్దున పెద్ద డాక్టరు గదిలో ఫోను మోగింది. కిషన్ రావు అక్కడి నుంచి వచ్చి బాయిలరు గది గుమ్మంలో నిలబడ్డాడు. పూలమ్మ చెంపకు తొడుగు ఆనించుకుని ఉంది. దూరక్క ఇక రాదని చెప్పాడు.

మధ్యాహ్నం పూలమ్మ తాళం తీసింది. గదిలో పెద్దగా ఏమీ లేవు. రొట్టెలు చేసే పళ్ళెం, ఒక దుప్పటి, గోడకు ఆనించిన చేట. కిటికీ గూట్లో చెక్క బరిణె మూత తీసి ఉంది. కుంకుమ చెమ్మకు గడ్డ కట్టింది. పక్కన ఉన్న గోధుమరంగు ముద్ద ఏమిటో, దేనికి పనికొస్తుందో పూలమ్మకు తెలియలేదు. మందేమో అనుకుని వాసన చూసింది. అడుగుదామంటే ఆ మాట తెలిసిన మనిషి ఇప్పుడు దవాఖానలో ఎవరూ లేరు. వెలుతురుకు పట్టుకుని చూసింది. మైనం మధ్యలో ఒక వేలు పట్టేంత గుంట ఉంది, అంచుల్లో వేలి గీతలు ఇంకా చెరగలేదు.